రిడ్జ్‌లైన్ అసలు ట్రక్కే కాదంటున్నాడు మా బావ. నిజమేనా?

ఫ్రిస్కో_శ్రీను | శనివారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

పోయిన నెల 2021 మోడల్ హోండా రిడ్జ్‌లైన్ పికప్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 38 వేల మైళ్ళు తిరిగింది. ఇవాళ మా అక్క వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం. బండి డ్రైవ్‌వేలో పెట్టి దిగానో లేదో, మా బావ దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, వంగి కిందకి చూసి, "దీనికి ఫ్రేమ్ ఏదిరా? ఇది ట్రక్కు కాదు, వెనక కోసేసిన పైలట్" అన్నాడు (హోండా వాళ్ళ ఎస్‌యూవీ పైలట్ అని ఆయన ఉద్దేశం). అక్కడున్న పదిమందీ నవ్వారు. ప్రసాదం తింటున్నంతసేపూ అదే మాట. ఆయనకి ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ఉంది లెండి. నాకు తెలిసి దాని బెడ్‌లో, అంటే వెనక తొట్టిలో, ఇప్పటిదాకా ఎక్కిన అతి బరువైన వస్తువు మా మేనకోడలి కూచిపూడి క్లాసు బ్యాగు.

నా వాడకం చెప్తాను. నెలకి రెండుసార్లు హోమ్ డిపో, వసంతంలో మల్చ్ బస్తాలు, వినాయక చవితికి మా కమ్యూనిటీ పందిరి సామాను, ఏడాదికి ఒకటి రెండుసార్లు అద్దె ట్రైలర్. మిగతా రోజులన్నీ ఆఫీసుకి వెళ్ళిరావడమే. ఫ్రేమ్ లేకపోతే వీటికి పనికిరాదా? తప్పు చేశానా? తెలిసినవాళ్ళు చెప్పండి. బావకి చూపించాలి.

హ్యూస్టన్_గిరి | శనివారం, రాత్రి 11:15

తప్పేం చేయలేదు శ్రీనూ. కానీ మీ బావ అన్నదాంట్లో సగం నిజం ఉంది, పైలట్‌కీ రిడ్జ్‌లైన్‌కీ పునాది ఒకటే.

ఈ ఫ్రేమ్ గోల ఏంటంటే, ఒక నిచ్చెనని నేల మీద పడుకోబెట్టినట్టు ఊహించుకోండి. రెండు పొడవాటి ఉక్కు పట్టాలు, మధ్యలో అడ్డపట్టీలు. ఇంజిన్, గేర్‌బాక్స్, ఇరుసులు, స్ప్రింగులు అన్నీ ఈ నిచ్చెనకే. పైన క్యాబ్ ఒక పెట్టె, వెనక బెడ్ ఇంకో పెట్టె, రెండూ బోల్టులతో దానిమీద కూర్చుంటాయి. ఒక చక్రం గోతిలో పడితే నిచ్చెన కొద్దిగా మెలి తిరుగుతుంది. క్యాబ్‌కీ బెడ్‌కీ మధ్య సందు వదిలేది అందుకే, రెండూ ఒకదానికొకటి రాసుకోకుండా.

యూనిబాడీలో ఆ నిచ్చెన విడిగా ఉండదు. నేల, పక్క గోడలు, స్తంభాలు, కప్పు అన్నీ కలిపి వెల్డ్ చేసిన ఒకే డబ్బా. కారుకి ఇది బ్రహ్మాండం, ఎందుకంటే మూసిన డబ్బా సులభంగా మెలి తిరగదు. పికప్‌తోనే తంటా. డబ్బాకి వెనక సగం కప్పు తీసేస్తారు కదా! అగ్గిపెట్టె పై అట్ట సగం కోసి, రెండు చివర్లూ పట్టుకుని తిప్పి చూడండి, మీకే తెలుస్తుంది. 2006 మోడల్‌గా వచ్చిన మొదటి రిడ్జ్‌లైన్‌లో క్యాబ్ వెనక నుంచి బెడ్ మీదకి ఏటవాలు గోడలు దిగుతుండేవి గుర్తుందా? చాలామంది అది డిజైన్ పిచ్చి అనుకున్నారు. నిజానికి ఆ కోసేసిన చోట దన్ను అది. 2017 మోడల్‌గా వచ్చిన రెండో తరానికి కింద నిర్మాణం మార్చి ఆ గోడలు తీసేశారు.

తమాషా ఏంటంటే, మీ బండికి క్యాబ్‌కీ బెడ్‌కీ మధ్య ఒక నిలువు గీత ఉంటుంది చూడండి. మామూలు ట్రక్కులా కనబడాలని పెట్టిన గీత అది. దానికింద అంతా ఒకటే ముక్క.

బే_ఏరియా_రాధిక | ఆదివారం, ఉదయం 1:03

మా కాలిఫోర్నియాలో పికప్ కొంటే కమర్షియల్ ప్లేటు ఇస్తారు, బరువు ఫీజు అదనం. మాది ఫోర్డ్ మావరిక్, అంటే పూర్తి యూనిబాడీ. దానికీ అంతే. డీఎంవీ (బండ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసు) వాళ్ళెవరూ వంగి కిందకి చూడలేదు 😀

నాయుడు_గూస్‌నెక్ | ఆదివారం, ఉదయం 6:20

నేను మీ బావ పక్షం. చెప్పేది సూటిగా చెప్తాను, ఎవరూ నొచ్చుకోవద్దు.

నాకు టెక్సస్‌లో వేకో దగ్గర పదెకరాలుంది. చిన్న ట్రాక్టరు, లోడర్ బకెట్, వెనక బుష్ హాగ్ (పొదలు కోసే యంత్రం), ట్రైలర్‌తో కలిపి 7,000 పౌండ్ల పైమాట. దాన్ని ఎఫ్-250కి గూస్‌నెక్ హిచ్‌తో (ట్రైలరు తగిలించే ఒక రకం కొక్కెంతో) లాగుతాను. గూస్‌నెక్ బాల్ బంపర్ దగ్గర ఉండదు, బెడ్ మధ్యలో వెనక ఇరుసు మీద ఉంటుంది. బెడ్‌కి రంధ్రం చేసి, కింద ఫ్రేమ్ పట్టాలకి బోల్టు చేస్తారు. రిడ్జ్‌లైన్‌లో బోల్టు చేయడానికి పట్టా ఎక్కడుంది? మంచు తోసే బ్లేడు బిగించాలన్నా, వెనక వించ్ పెట్టాలన్నా, ఎక్కడో ఒకచోట గట్టి ఉక్కు కావాలి. అది లేని బండిని నేను ట్రక్కు అనను. బెడ్ ఉన్న కారు అంటాను. కారు తక్కువేం కాదు, పేరు మాత్రం కారే.

ఆటోనగర్_బాషా | ఆదివారం, ఉదయం 9:48

నాయుడు గారూ, మీ మాటకి ఒక అనుబంధం.

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవారు. చిన్నప్పుడు సెలవల్లో నా పని షెడ్డులో టీలు మోయడం. ఎన్నూరు నుంచి కొత్త ఛాసిస్ వచ్చేది. బాడీ అంటూ ఏమీ ఉండదు. ముందు ఇంజిను, ఒక స్టీరింగు, వెనక్కి సాగిన రెండు నల్లటి పట్టాలు, చక్రాలు. డ్రైవరు కూర్చునేది చెక్కపెట్టె మీద. తలకి తువ్వాలు, కళ్ళకి అద్దాలు, మొహం నిండా దుమ్ము. చెన్నై నుంచి బెజవాడ దాకా గాలిలో కూర్చున్నట్టే వచ్చేవాడు. షెడ్డులోకి రాగానే ముందు నీళ్ళు అడిగేవాడు, తాగడానికి కాదు, కళ్ళు కడుక్కోవడానికి.

నెల తిరిగేసరికి ఒక ఛాసిస్ మీద ఇసుక తొట్టి, ఇంకోదాని మీద సిలిండర్ల గ్రిల్లు, మరోదాని మీద పాల ట్యాంకరు. కింద బండి అదే. పదేళ్ళ తర్వాత తొట్టి పాడైతే పీకేసి కొత్తది కట్టేవారు. బాడీ ఆన్ ఫ్రేమ్ అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఇదే, బలం తర్వాత సంగతి. ఇక్కడ కూడా ఎఫ్-350ని బెడ్ లేకుండా ఛాసిస్ క్యాబ్‌గా అమ్ముతారు. దానిమీద అంబులెన్సు, ప్లంబరు అలమరాలు, టో క్రేను, ఏదైనా కట్టుకోవచ్చు. యూనిబాడీకి ఆ యోగం లేదు. కంపెనీ ఇచ్చిన రూపంలోనే పుట్టి అదే రూపంలో పోతుంది.

శ్రీను గారూ, ఒకసారి మీ బావగారిని అడగండి, ఆయన తన ఎఫ్-150 మీద ఏం కట్టించబోతున్నారో.

ఇంకో మాట. మా అమ్మమ్మ ఊర్లో ట్రక్కు అంటే ట్రాక్టరు వెనక తగిలించే తొట్టి. ఆ లెక్కన నాయుడు గారి ట్రైలరు ఒక్కటే అసలైన ట్రక్కు, మిగతావన్నీ దాన్ని లాగేవి.

లావణ్య_ఆస్టిన్ | ఆదివారం, ఉదయం 11:30

బాషా గారూ, చివరి మాటకి నవ్వాగలేదు.

నేను లెక్కల దగ్గరకి వస్తాను. "ఫ్రేమ్ ఉంటేనే ట్రక్కు" అనే గీత ఎక్కడా నిలబడదు. అమెరికా ఇంధన నియమాల్లో లైట్ ట్రక్కు అనడానికి ఒక కొలమానం, సామాను మోసే తెరిచిన బెడ్ ఉండటం. ఫ్రేమ్ ప్రస్తావన అందులో లేదు. దిగుమతి ట్రక్కుల మీద 1964 నుంచి ఉన్న 25 శాతం సుంకం, అదే "చికెన్ ట్యాక్స్", అదీ అంతే. దాన్ని తప్పించుకోవడానికి సుబారు వాళ్ళు తమ బ్రాట్ అనే చిన్న పికప్ బెడ్‌లో రెండు ప్లాస్టిక్ సీట్లు బిగించి "ఇది ట్రక్కు కాదు, ప్యాసింజర్ బండి" అన్నారు. అప్పుడు ట్రక్కు అనిపించుకోకపోవడమే లాభం!

బలం సంగతి: డాడ్జ్ డురాంగో యూనిబాడీ, ఎస్‌ఆర్‌టీ మోడల్ టోయింగ్ (లాగగలిగే ట్రైలరు బరువు) 8,700 పౌండ్లు. ఫ్రేమ్ ఉన్న టయోటా టకోమా పికప్ 6,500 దగ్గర ఆగుతుంది. టెస్లా సైబర్‌ట్రక్‌కి విడి ఫ్రేమ్ లేదు, దాని రేటింగ్ 11,000. రిడ్జ్‌లైన్ 5,000. మావరిక్ మామూలుగా 2,000, టో ప్యాకేజీ తీసుకుంటే 4,000. ఎంత లాగాలని డిజైన్ చేశారో అంత లాగుతుంది.

నాయుడు గారి గూస్‌నెక్ వాదన మాత్రం ఒప్పుకుంటాను. అది నిజంగా ఫ్రేమ్ అడిగే పని. కానీ ఫ్రిస్కోలో ఎంతమందికి గూస్‌నెక్ ఉంది?

నాయుడు_గూస్‌నెక్ | ఆదివారం, మధ్యాహ్నం 12:10

> సైబర్‌ట్రక్‌కి విడి ఫ్రేమ్ లేదు, దాని రేటింగ్ 11,000

అమ్మా, రేటింగ్ అనేది కొత్త బండికి ఇచ్చే సర్టిఫికెట్. పదిహేనేళ్ళు బరువు లాగిన తర్వాత ఏముంటుందో అది చెప్పదు. నా మొదటి ట్రక్కు 2 లక్షల 60 వేల మైళ్ళు తిరిగింది. వెనక గుద్దేశారు, బెడ్ మొత్తం నలిగింది. పాత సామాన్ల యార్డులో అదే రంగు బెడ్ దొరికితే, నలుగురం పట్టుకుని ఒక్క పూటలో మార్చేశాం. మీ డబ్బా బండిని వెనక గుద్దితే? ఇన్సూరెన్సు వాడు టోటల్ లాస్ అని రాసి చెక్కు చేతిలో పెడతాడు.

మిషిగన్_మూర్తి | ఆదివారం, సాయంత్రం 4:55

టెక్సస్ వాళ్ళంతా ఉప్పు లేని రోడ్ల మీద కూర్చుని ఫ్రేముల గురించి మాట్లాడుతున్నారు. మా దగ్గరకి రండి.

మా రాష్ట్రంలో చలికాలం నాలుగు నెలలు రోడ్డంతా ఉప్పే. ఫ్రేమ్ పట్టాలు లోపల గుల్ల కదా, అందులో ఉప్పు బురద చేరి కూర్చుంటుంది. పైకి నల్లగా నిగనిగలాడుతుంటుంది, సుత్తితో కొడితే పెళుసు పెచ్చులు రాలతాయి. పాత టకోమా, టండ్రా, సెకోయా బండ్ల ఫ్రేములకి తుప్పు పడుతోందని కేసు నడిచి, 2016లో టయోటా రాజీకొచ్చింది. దాని విలువ 340 కోట్ల డాలర్ల దాకా ఉంటుందని పేపర్లలో వచ్చింది. ఎన్నో బండ్లకి బాడీ ఎత్తి కింద కొత్త ఫ్రేమ్ పెట్టి ఇచ్చారు.

ఇందులో రెండు పక్షాలకీ దొరికేది ఉంది. ఫ్రేమ్ ఉంటే చిరకాలం అనుకోవడం భ్రమ. అదే సమయంలో, ఫ్రేమ్ కుళ్ళితే మార్చగలిగారు. యూనిబాడీ రాకర్ ప్యానెల్స్ (తలుపుల కింది పట్టీలు) కుళ్ళితే మార్చడానికి ఏమీ ఉండదు, కోసి అతుకులు వేసుకోవడమే. నేనైతే ఏ బండి అయినా అక్టోబరులో కింద నూనె కోటింగు కొట్టిస్తాను. వాసన రెండు వారాలు ఉంటుంది, మా ఆవిడ గ్యారేజీ తలుపు తీయదు.

సిల్వరాడో_కుర్రాడు | ఆదివారం, సాయంత్రం 5:20

ఇంత చర్చ దేనికి. రిడ్జ్‌లైన్ ఆడవాళ్ళ ట్రక్కు. అయిపోయింది.

లావణ్య_ఆస్టిన్ | ఆదివారం, సాయంత్రం 5:31

మీ పేరులో కుర్రాడు అని పెట్టుకున్నారు కాబట్టి వదిలేస్తున్నాను.

అడ్మిన్ | ఆదివారం, సాయంత్రం 5:40

బండ్లని ఎంతైనా తిట్టుకోండి, మనుషుల్ని వద్దు. సిల్వరాడో గారికి ఇది మొదటి హెచ్చరిక.

పాతబండి_ప్రసాద్ | ఆదివారం, రాత్రి 8:12

ఒహాయోలో నేనూ మా పక్కింటి ముసలాయనా వేసవి అంతా పాత కార్ల షోలకి తిరుగుతాం. ఈ గొడవ ఇవాళ్టిది కాదు.

1961లో ఫోర్డ్ వాళ్ళు ఎఫ్-100లో ఒక ప్రయోగం చేశారు. క్యాబ్, బెడ్ కలిపి ఒకటే ముక్కగా పోతపోసినట్టు చేశారు, మధ్యలో సందు లేదు. చూడటానికి ఎంత అందంగా ఉంటుందో! అందరూ దాన్ని "యూనిబాడీ ఫోర్డ్" అంటారు. కానీ వంగి చూస్తే కింద నిఖార్సైన నిచ్చెన ఫ్రేమ్ ఉంది! అసలు చిక్కు అక్కడే. ఫ్రేమ్ స్వభావం మెలి తిరగడం, పైన ఒకే ముక్క బాడీ స్వభావం తిరగకపోవడం. బెడ్ నిండా బరువు వేసి ఎగుడుదిగుడు నేల మీద ఆపితే తలుపులు బిగుసుకుపోతున్నాయని గొడవ. రైతు దిగాలంటే ముందు బరువు దించాలన్నమాట. 1963తో ఆ బాడీని ఆపేశారు. "యూనిబాడీ ట్రక్కు పనికిరాదు" అనే మాట అమెరికాలో ఇంత గట్టిగా పాతుకుపోవడానికి ఆ బండి కూడా ఒక కారణమని నా అనుమానం. అది నిజానికి యూనిబాడీ కాకపోయినా!

ఇంకో తిరకాసు. వెనక బెడ్ ఉన్న షెవర్లే ఎల్ కమీనోని ఎవరూ ట్రక్కు అనరు, కారు అంటారు. కానీ 1964 నుంచి 1987లో ఆగిపోయేదాకా దానికి కింద విడి ఫ్రేమ్ ఉంది. దాని పోటీదారు ఫోర్డ్ రాంచెరో, 1960ల మొదట్లో ఫాల్కన్ మీద కట్టినప్పుడు యూనిబాడీ. మరి ఫ్రేమే కొలమానమైతే ఎల్ కమీనో ట్రక్కు అవ్వాలి కదా? దానికి నాయుడు గారు ఒప్పుకుంటారా?

జీప్ కొమాంచే, 1986 నుంచి 1992 దాకా వచ్చింది. వాళ్ళ చెరోకీ ఎస్‌యూవీ లాగే యూనిబాడీ పునాది. దానికి "మెట్రిక్ టన్" అని ఒక ప్యాకేజీ, పేరుకు తగ్గట్టు 2,205 పౌండ్లు మోస్తుంది. ఇవాళ్టి చాలా ఎఫ్-150ల స్టిక్కరు మీద అంత అంకె కనబడదు.

నాయుడు_గూస్‌నెక్ | ఆదివారం, రాత్రి 8:40

ఎల్ కమీనో ట్రక్కు కాదు. ప్రసాద్ గారు నన్ను ఇరికించారు. ఆలోచించి చెప్తాను.

శ్రీసిటీ_మురళి | సోమవారం, ఉదయం 12:25

అమెరికా అన్నలకి సత్యవేడు నుంచి నమస్కారం. ఇక్కడ మాకు పగలు. నేను శ్రీసిటీలో పని చేస్తాను. 2016లో ఇసుజు ప్లాంటు మొదలయ్యాక డి-మ్యాక్స్ వి-క్రాస్ పికప్ ఇక్కడి నుంచే వస్తుంది. అది ల్యాడర్ (నిచ్చెన) ఫ్రేమే. మన దగ్గర ఇదే యుద్ధం పికప్‌ల మీద కాదు, ఎస్‌యూవీల మీద. పాత టాటా సఫారీకి ఫ్రేమ్ ఉండేది, 2021లో వచ్చిన కొత్త సఫారీ మోనోకాక్, అంటే మీ యూనిబాడీ. "పేరు పెట్టుకున్నారు గానీ అది సఫారీ కాదు" అని మా బాబాయి ఇప్పటికీ బాధపడతాడు. ఆయన ఫ్రేమ్ ఉన్న స్కార్పియో-ఎన్ కొన్నాడు. కొడుకు మోనోకాక్ ఎక్స్‌యూవీ 700 కొన్నాడు. పండక్కి ఇద్దరూ కలిస్తే మీ వ్రతం సీనే.

కానీ ఫ్రేమ్ ఎందుకు కావాలో చూడాలంటే సీజన్‌లో తెల్లవారుజామున మదనపల్లె టమాటా మార్కెట్ దారిలో నిలబడాలన్నా. టన్నున్నర బండి మీద రెండున్నర టన్నుల క్రేట్లు. వెనక కమాను పట్టీలు వంపు పోయి సాపుగా అయిపోయి, అక్కడక్కడా తిరగబడి ఉంటాయి. ముందు చక్రాలు నేలని ముట్టుకున్నాయో లేదో అన్నట్టు. ఆ బండ్లకి కాగితం మీద ఎంత రాశారో అడిగేవాళ్ళు లేరు. ఫ్రేమ్ అదంతా ఓర్చుకుంటుంది, ఏళ్ళ తరబడి. బ్రేకులు మాత్రం ఓర్చుకోవు, ఆ సంగతి ఘాట్‌లో తెలుస్తుంది.

హ్యూస్టన్_గిరి | సోమవారం, ఉదయం 7:50

మురళీ, మంచి మాట పట్టుకున్నావ్. ఫ్రేమ్ బండి తప్పుని క్షమిస్తుంది. యూనిబాడీ లెక్క ప్రకారం నడిచేవాడి బండి.

లెక్క అన్నాను కాబట్టి శ్రీనూ, డ్రైవర్ తలుపు తీసి ఆ స్తంభం మీద స్టిక్కరు చూడండి. "మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు మించకూడదు" అని ఉంటుంది. మనుషులు కూడా అందులోనే, ట్రైలరు ముక్కు వెనక మోపే బరువు కూడా అందులోనే. ట్రైలరు బరువులో 10 నుంచి 15 శాతం ఆ ముక్కు మీద పడుతుంది. 5,000 పౌండ్ల ట్రైలరు అంటే 500 నుంచి 750 అక్కడే పోయింది. నలుగురు మనుషులు ఎక్కితే ఇంకేం మిగులుతుంది?

అదే పని మీ బావ బండికి కూడా చేయండి. గాజు కప్పు, పెద్ద చక్రాలు, వేడి సీట్లు, చల్లని సీట్లు అన్నీ స్టిక్కరులోంచే కోత.

ఫ్రిస్కో_శ్రీను | సోమవారం, రాత్రి 9:30

ఇంత స్పందన ఊహించలేదు, అందరికీ థ్యాంక్స్. ఈలోపు నేనొక ఘనకార్యం చేశాను, పరువు పోయినా చెప్పేస్తాను.

పెరట్లో నడకదారికి డీకంపోజ్డ్ గ్రానైట్ (నలిగిన గ్రానైట్ పొడి) కావాలి. ఇవాళ సెలవు పెట్టి, బావని పక్కన కూర్చోబెట్టుకుని మట్టి, రాళ్ళు అమ్మే యార్డుకి వెళ్ళాను. ఇది ట్రక్కో కాదో చూపిద్దామని. "అర క్యూబిక్ యార్డు చాలు" అన్నాను, ఏదో చిన్నమాటలా. లోడరు అతను బకెట్ ఎత్తి ఒక్కసారిగా వదిలాడు. బండి వెనక భాగం "హుఁ" అని కూర్చుంది. చక్రానికీ ఫెండరుకీ మధ్య మామూలుగా నా అరచేయి నిలువుగా పడుతుంది, అప్పుడు రెండు వేళ్ళు కూడా అడ్డంగా పట్టలేదు. హెడ్‌లైట్లు చెట్ల కొమ్మలకి కొడుతున్నాయి. బావ ఏమీ అనలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆ మౌనమే నన్ను ఎక్కువ కాల్చింది.

దారిలో ట్రక్ స్టాపులో తూకం ఉంటే ఎక్కించాను. మొత్తం 6,260 పౌండ్లు. తలుపు మీద రాసిన గరిష్ఠ బరువు కంటే 240 ఎక్కువ. స్టిక్కరు మీద నాది 1,509. గ్రానైట్ సుమారు 1,400, మేమిద్దరం 350. మమ్మల్ని మేం లెక్కేసుకోలేదు.

ఇంటిదాకా పక్క వీధుల్లోంచి 25 మైళ్ళ వేగంతో వచ్చాను. బండికి ఏమీ అవలేదు. పార పట్టుకుని దించేసరికి నడుము పోయింది.

నాయుడు_గూస్‌నెక్ | సోమవారం, రాత్రి 9:52

తమ్ముడూ, నిజం ఒప్పుకున్నందుకు మెచ్చుకుంటున్నాను. ఒక క్యూబిక్ యార్డు గ్రానైట్ 2,800 పౌండ్ల దాకా ఉంటుంది, తడిగా ఉంటే ఇంకా ఎక్కువ. వాన పడిన మర్నాడు ఎప్పుడూ కొనొద్దు.

శ్రీను_వాళ్ళ_బావ | సోమవారం, రాత్రి 10:20

నమస్కారం. నేనే ఆ బావని. నా గురించి మూడు రోజులుగా ఇక్కడ ఏం రాస్తున్నారో మా ఆవిడ చూపించింది. కూచిపూడి బ్యాగు అన్న మాట వాళ్ళ అక్కకి కూడా నచ్చలేదు, శ్రీను గమనించగలడు.

గిరి గారు అన్నారని గ్యారేజీలోకి వెళ్ళి నా స్టిక్కరు చూశాను. ఎఫ్-150, నాలుగు తలుపులు, ఫోర్ వీల్, గాజు కప్పు. 1,447 అని ఉంది. రెండుసార్లు చూశాను. కళ్ళద్దాలు పెట్టుకుని మూడోసారి చూశాను. శ్రీను బండి కంటే 62 తక్కువ.

అయినా నా మాట మీద నేనున్నాను. ఫ్రేమ్ లేనిది ట్రక్కు కాదు. కాకపోతే ఇవాళ ఆ గ్రానైట్ నా బండిలో పోసి ఉంటే నేను కూడా 300 పౌండ్లు దాటేవాణ్ణి. ఇది ఇక్కడితో ఆగితే మంచిది, మా ఆఫీసులో ఎవరికీ తెలియక్కర్లేదు.

లావణ్య_ఆస్టిన్ | సోమవారం, రాత్రి 10:31

బావగారూ, మీకు పెద్ద నమస్కారం. స్క్రీన్‌షాట్ తీసుకున్నాను 🙏

నాయుడు_గూస్‌నెక్ | సోమవారం, రాత్రి 10:45

బావగారూ, కంగారు పడకండి. ఆ 1,447 మీ ఫ్రేమ్ చేతకానితనం కాదు. మెత్తటి స్ప్రింగులు, టైర్లు, ఇరుసు, పైన మోస్తున్న సోకులు అన్నీ కలిపి వచ్చిన అంకె అది. అదే ఎఫ్-150ని రెండు తలుపుల పనిబండిగా, సరైన ప్యాకేజీతో కొంటే చాలా ఎక్కువ మోస్తుంది. తగిన ఇంజిన్, టో ప్యాకేజీ ఉన్న ఎఫ్-150 అయితే ట్రైలర్ 13,000 దాటి లాగుతుంది. రిడ్జ్‌లైన్‌ని ఏ ప్యాకేజీతో కొన్నా 5,000 దగ్గర ఆగుతుంది. నేను పోట్లాడేది ఆ తేడా గురించి.

ప్రసాద్ గారి ఎల్ కమీనో ప్రశ్నకి జవాబు దొరకలేదు. ఒకటి మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. "గట్టి ఉక్కు లేనిది ట్రక్కు కాదు" అన్నాను కదా, దాన్ని "నా పనికి ట్రక్కు కాదు" అని చదువుకోండి.

ఆటోనగర్_బాషా | సోమవారం, రాత్రి 11:05

హ్యుందాయ్ వాళ్ళే నయం. శాంటా క్రూజ్ తెచ్చినప్పుడు ట్రక్కు అనే మాట జోలికే పోలేదు, "స్పోర్ట్ అడ్వెంచర్ వెహికల్" అన్నారు. ఏ బావా వాళ్ళని ఏమీ అనలేకపోయాడు.

బే_ఏరియా_రాధిక | సోమవారం, రాత్రి 11:40

మావరిక్ గురించి ఒక్క మాట. 2021లో ప్రకటించినప్పుడు మొదటి ధర 19,995 డాలర్లు, అందులోనే హైబ్రిడ్, సిటీలో 42 మైలేజీ. తర్వాతి ఏడాది జనవరికల్లా ఆర్డర్లు తీసుకోవడం ఆపేశారు. కొన్నవాళ్ళలో ఎవరూ ఫ్రేమ్ అడిగి ఉండరు. నా బెడ్ నాలుగున్నర అడుగులే, ప్లైవుడ్ షీటు చక్రాల గూళ్ళ మధ్య పట్టదు, పైన ఏటవాలుగా పెట్టాలి. అదొక్కటే నాకు కొరత.

ఫ్రిస్కో_శ్రీను | మంగళవారం, ఉదయం 6:58

రాధిక గారూ, ఆ విషయంలో రిడ్జ్‌లైన్‌ది పైచేయి. గూళ్ళ మధ్య 50 అంగుళాలు, నాలుగడుగుల షీటు సాపుగా పడుకుంటుంది. బెడ్ కింద తాళం వేసుకునే డిక్కీ ఉంది, అడుగున నీళ్ళు పోయే బిరడా కూడా. ఈసారి చవితికి అందులో ఐసు పోసి మజ్జిగ ప్యాకెట్లు పెడదామనుకుంటున్నాను.

ఇంకా అర యార్డు గ్రానైట్ కావాలి. ఈసారి రెండు ట్రిప్పులు. వేకో నుంచి నాయుడు గారు శనివారం ఇటు వచ్చే పని ఏమైనా ఉందా?

శ్రీను_వాళ్ళ_బావ | మంగళవారం, ఉదయం 7:15

ఆయన్ని ఇబ్బంది పెట్టకు. ఒక ట్రిప్పు నేను వేస్తాను, ఒకటి నువ్వు వెయ్యి. పావు పావు. నా బెడ్‌లో గీతలు పడకుండా మీ అక్క పాత దుప్పటి ఇస్తానంది.

నాయుడు_గూస్‌నెక్ | మంగళవారం, ఉదయం 7:22

ట్రక్కులో దుప్పటా 😂